డిస్లెక్సియాతో బీకాం: మా కాలేజీ సపోర్ట్ సెల్‌లో మూడేళ్లు

నాకు డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం ఉందని ఇంటర్ అయ్యాకే తెలిసింది. అప్పటిదాకా అందరూ బద్ధకమనే అనుకున్నారు. హైదరాబాద్‌లో బీకాంలో చేరిన నెలలోనే దివ్యాంగ విద్యార్థులకు సాయపడే కాలేజీ ఈక్వల్ ఆపర్చునిటీ సెల్‌లో పేరు రాయించుకున్నాను. ఆరు సెమిస్టర్లూ వాళ్ల సాయంతోనే చదివాను.

అభ్యసన వైకల్యాలు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కిందికి వస్తాయి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉందని ప్రభుత్వ ఆసుపత్రి సర్టిఫికెట్ ఉండటంతో నాకు పరీక్షల్లో స్క్రైబ్‌నీ (నేను చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషి), గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్నీ ఇచ్చారు. అంటే మూడు గంటల పేపర్‌కి నాలుగు గంటలు. అర్జీలన్నీ సెల్ మేడమ్ దగ్గరుండి రాయించారు.

అయినా మొదటి సెమిస్టర్‌లో మూడు గంటలు కాగానే ఇన్విజిలేటర్ నా ఆన్సర్ షీట్ తీసేసుకోబోయారు. అనుమతి కాగితం ఆయన దాకా చేరలేదట. ఎవరికో ఫోన్ చేసి కనుక్కునేసరికి పదిహేను నిమిషాలు పోయాయి. ఆ టెన్షన్‌లో వచ్చిన జవాబు కూడా మర్చిపోయాను. తర్వాత నుంచి మేడమే ప్రతి పరీక్షకీ ముందుగా హాలుకి వచ్చి చెప్పి వెళ్లేవారు. ఆవిడ సెలవు పెట్టిన రోజు మాత్రం నాకు భయమే.

స్క్రైబ్‌గా వచ్చినమ్మాయి ఇంటర్ ఎంపీసీ. లెడ్జర్ (ఖాతాల పుస్తకం) ఎప్పుడూ చూడలేదు. 'టు ఓపెనింగ్ స్టాక్ ఎడమవైపు, బై సేల్స్ కుడివైపు' అని గడి గడీ చెప్పి రాయించాలి. రెండు రోజుల ముందు కలిసి ఒక పాత పేపర్ రాసి చూసుకున్నాం, అదే నన్ను కాపాడింది. స్క్రైబ్‌ని పరీక్ష రోజు పొద్దున చూపిస్తామంటే ఒప్పుకోకండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది శనివారం ట్యూషన్. నేను 5,460ని 5,640గా ఎక్కించేసేదాన్ని, ట్రయల్ బ్యాలెన్స్, అంటే రెండు వైపుల మొత్తాలు సరిచూసే పట్టిక, కలిసేది కాదు. మళ్లీ మొదట్నుంచి వెతుక్కుంటూ కూర్చునేదాన్ని. అక్కడి సార్ తేడాని తొమ్మిదితో భాగించి చూడమన్నారు. 180 నిశ్శేషంగా పోయింది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుందట. అట్టముక్కకి ఒక్క వరుస కనబడేంత కంత కోసి ఇచ్చింది కూడా ఆయనే. అది పుస్తకం మీద జరుపుకుంటూ చదివితే వరుసలు కలిసిపోయేవి కావు.

లైబ్రరీ మాత్రం నిరాశపరిచింది. పీడీఎఫ్‌లు ఇచ్చామన్నారు గానీ అవన్నీ పేజీల ఫోటోలు. ఫోన్‌లో చదివించే యాప్ పెడితే ఒక్క ముక్క పలకదు. మూడేళ్లూ అడిగాను, మారలేదు. చివరికి మా అమ్మే రాత్రిళ్లు పాఠాలు చదివి రికార్డు చేసి పెట్టింది.

కొత్తగా చేరేవాళ్లు అర్జీ మొదటి నెలలోనే ఇచ్చేయండి. అనుమతి కాగితం జిరాక్స్ ఒకటి హాల్ టికెట్‌తో పాటు మీ దగ్గరే ఉంచుకోండి.