మోకాలి లోతుకి లొంగలేదు, బెత్తెడు గుంటకి లొంగింది: నాలుగేళ్ల తర్వాత నా ఫోర్ బై ఫోర్

ఇంజను సీసీలు, టార్కు, గేర్లు అన్నీ షోరూములో కుర్రాడు నోటికి చెప్తాడు, నేనెందుకు. నేను రాసేది ముందద్దం గురించి. బండి 2021లో కొన్నాను, మీటరు 71 వేలు దాటింది. అందులో సగానికి పైగా కాలవ గట్లూ చెరువు గట్లే. ఈ బండి మీద నాకున్న కోపమంతా పోగేస్తే ఆ గాజుపలక మీదకే వచ్చి ఆగుతుంది.

మాది అమలాపురం. అల్లవరం మండలంలో వనామీ రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తున్నాం. రొయ్యల చెరువు ఉన్నవాడికి నిద్ర మీద హక్కుండదు. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజను ఎలాగూ పడిపోతుంది, సరిగ్గా ఆ టైములో ఏరేటర్లు, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే మిషన్లు, ఆగాయంటే కొంప మునిగినట్టే. వానాకాలం రాత్రి మూడింటికైనా గట్టు మీద దిగబడకుండా తీసుకెళ్లే బండి కావాలి, అంతే నా లెక్క. లడఖ్ వెళ్లొచ్చినవాళ్లు రాసే రివ్యూలకీ దీనికీ పొంతన ఉండకపోవచ్చు.

కొత్తలో అడిగినవాడికీ అడగనివాడికీ ఈ అద్దాన్నే పొగిడేవాణ్ణి. కార్లలో లాగా వాలుగా కాకుండా గోడకి తగిలించిన ఫోటో ఫ్రేములా నిటారుగా ఉంటుంది. బానెట్ రెండు మూలలూ కనబడతాయి, చక్రం ఎక్కడుందో బెత్తెడు తేడాలో తెలుస్తుంది. ఎనిమిదడుగుల గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తున్నప్పుడు అది చిన్న సుఖమేం కాదు.

ఆ తర్వాత 2022 జులై వరద. ధవళేశ్వరం బ్యారేజి నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి కిందికి వదిలారు. మూడో ప్రమాద హెచ్చరికే 17 లక్షల దగ్గర ఇస్తారు, మిగతాది మీరే ఊహించుకోండి. వరద తీశాక పి.గన్నవరం అవతల లంకల్లో ఉన్న చుట్టాలకి బియ్యం, మంచినీళ్ల టిన్నులు పట్టుకెళ్లాను. రోడ్డు మీద ఇంకా మోకాలి లోతు నిలవ నీరు. లో రేంజిలో (నాలుగు చక్రాలూ మెల్లగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు), మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో దాటించాను. బంపరు ముందు చిన్న అల లేచింది గానీ అద్దం మీద చుక్క పడలేదు. ఆ రోజు నుంచి మా బండికి నీళ్లంటే లెక్కలేదని ప్రచారం మొదలుపెట్టాను. తప్పేమీ చెప్పలేదు. లోతు నీళ్లంటే లెక్కలేదు.

గతేడాది ఆగస్టులో ఒక రాత్రి, సాయంత్రం నుంచి కొట్టిన వాన అప్పుడే తెరిపిచ్చింది. రెండున్నరకి చెరువు మీంచి ఫోను. "కరెంటు పోయిందండి, ఏరేటర్లు ఆగిపోయాయండి. జనరేటరు అందుకోట్లేదండి." మా బావమరిది ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు. వాణ్ణి లేపి బండి తీశాను. మెయిన్ రోడ్డు మీద బానే ఉంది. గట్టు ఎక్కాక కుడి పక్కంతా కాలవ, ఎడం పక్కంతా కొబ్బరితోట, మధ్యలో సింగిల్ రోడ్డు. నాట్ల రోజులు కదా, దమ్ము ట్రాక్టర్లు పగలంతా కేజ్ వీల్స్‌తో, అంటే ఇనప చట్రాల చక్రాలతో, తిరిగి చేలల్లో ఒండ్రుని తారు మీద పూసిపోయాయి. గుంటల్లో ఉన్నవి నీళ్లు కావు, పలచగా కలిపిన అట్లపిండి.

50లో ఉన్నాను. ఉండకూడదు, ఉన్నాను. రాత్రిపూట లైట్ల వెలుగులో తడి రోడ్డు, నీళ్లగుంట ఒకేలా మెరుస్తాయి. రెండు చక్రాలూ పడేదాకా అది గుంటని తెలియలేదు. కింద ధబ్బుమంది, బానెట్‌కి అటూ ఇటూ నీళ్లు రెక్కల్లా లేచాయి, అవి కిందికి దిగేలోపు వాటి కిందికి నేనే వెళ్లాను. అంతే, అద్దం లేదు. చీకటైనా కాదది, డాష్‌బోర్డు వెలుగు తగిలి గోధుమరంగులో ఒక గోడ. వైపరు వేస్తే మొదటి ఊపు బురదని ఇటు నుంచి అటు జరిపింది, రెండో ఊపు దాన్ని శుభ్రంగా పూసింది. వాషరు మీట లాగాను. లోపల మోటారు గుర్రుమంది. నీళ్లు రాలేదు.

"బావా కాలవ! బావా, కాలవ!" పక్కనుంచి వాడు. స్టీరింగు కదపకుండా బిగబట్టి, బ్రేకు మెల్లగా తొక్కాను. తర్వాత లెక్కేసుకున్నాను. 50 స్పీడంటే సెకనుకి 14 మీటర్లు. బ్రేకు మీద కాలుందనుకున్నా, కళ్లకి గంత కట్టుకుని గట్టు మీద ఓ పాతిక మీటర్లు నడిపాను. ఆగాక తలుపద్దం దించి టార్చి వేశాను. కుడి ముందు చక్రానికీ గట్టు అంచుకీ మధ్య నా చెప్పు ఒకటి పట్టే జాగా ఉంది. అంచు మీద గడ్డి చక్రం కింద పడుక్కుంది. వాడు కిందికి దిగి, తాగే నీళ్ల బాటిలు అద్దం మీద ఒంపి లుంగీ కొసతో తుడిచాడు. చేరేసరికి కరెంటు వచ్చేసింది, ఏరేటర్లు హాయిగా తిరుగుతున్నాయి. కుర్రాడు టీ ఇస్తే గ్లాసులో టీ కదులుతూనే ఉంది, నా చెయ్యి ఆగలేదు.

సర్వీసు సెంటరులో చెప్తే, "ఆఫ్‌రోడ్ బండి కదా సార్, బురద పడుద్ది" అన్నారు. పడుద్దని నాకూ తెలుసు. నీళ్లెందుకు రాలేదంటే, వాషరు విప్పి చూడకుండానే కొత్త పంపుకి కొటేషన్ చేతిలో పెట్టారు. తీసుకుని బయటికొచ్చి, పాత జీపులు చేసే మేస్త్రి దగ్గరకెళ్లాను. ఆయన బాటిలు ఊడదీసి వెలుతురుకి పట్టి చూశాడు.

"ఆయ్, కాలవ నీళ్లు పోశారాండి?"

పోశాను. చెరువు దగ్గర ఉన్నప్పుడల్లా మగ్గుతో ముంచి పోసేవాణ్ణి. అడుగున అరంగుళం ఒండ్రు పేరుకుంది, పంపు మూతి దగ్గర జల్లెడకి పచ్చగా నాచు పట్టింది. "ఇందులో నారు పోసుకోవచ్చండి" అన్నాడాయన. కడిగి, నాజిల్ కన్నాల్లో గుండుసూది పెట్టి తిప్పితే అదే పంపు అద్దం మీదకి నీళ్లు కొట్టింది.

కాబట్టి సగం తప్పు నాది. ఇంకో పావు కూడా నాదే, అది టైర్లు. 2023లో కంపెనీ టైర్లు తీసేసి వెడల్పువి, బయటికి పొడుచుకొచ్చే అల్లాయ్‌లతో వేయించాను. చూడ్డానికి పందెం పుంజులా ఉండేది. అయితే రబ్బరు మడ్‌గార్డుని అంగుళంన్నర దాటి బయటికొచ్చేసింది. చక్రం గుంటలో నీళ్లని నొక్కితే అవి పక్కలకీ ముందుకీ చిమ్ముతాయి. పైన కప్పుంటే ఆ దెబ్బకి కిందికి పోతాయి, లేకపోతే ఆకాశానికి లేస్తాయి. బండి మెల్లగా వెళ్తుంటే అవి పక్కన పడతాయి. వేగంగా వెళ్తే అవి గాల్లో ఉండగానే అద్దం అక్కడికి చేరుకుంటుంది. వాలు అద్దమైతే గాలి కొంత నీటిని పైకి తోసేస్తుంది. నేను ఏడాది పాటు పొగిడిన ఈ నిలువద్దం మాత్రం మొహం అడ్డంపెట్టి మొత్తం తీసుకుంటుంది.

మిగతా పావు తయారుచేసినవాళ్ల ఖాతాలోనే రాస్తాను. వైపర్లు పొట్టివి. కుడిచేతి వైపు, అద్దానికీ తలుపుకీ మధ్య ఉండే స్తంభం పక్కన, జానెడు ముక్కోణం ఎప్పటికీ తుడవబడదు. డ్రైవరు కాలవని చూసుకోవాల్సింది సరిగ్గా అందులోంచే. బ్లేడు మార్చి చూశాను, పొడుగుదైతే స్తంభానికి కొట్టుకుంటోంది. ఇప్పుడు తలుపులో ఒక తడిగుడ్డ పెట్టుకుని, చెయ్యి బయటికి పెట్టి నేనే తుడుచుకుంటాను. ఇంత డబ్బు పోసి కొన్న బండికి ఇదేం సేవో.

మందుల సంగతికొస్తే, మేస్త్రి రైసుమిల్లు పాత బెల్టు ముక్క కోసి మడ్‌గార్డు అంచులకి రివెట్లు కొట్టాడు. పుంజు కాస్తా గంప కింద కోడిపెట్టయింది గానీ అద్దం మీద పడే నీళ్లు సగానికి తగ్గాయి. చక్రాల వెనక పెద్ద మడ్‌ఫ్లాపులు వెయ్యమన్నారు చాలామంది. వేశాను, దానివల్ల మేలు వెనకొచ్చేవాడికే. వాషరులో ఇప్పుడు మినరల్ వాటరే. ఓడలరేవు వైపు మాకు దొరికే బోరు నీళ్లు ఉప్పన, ఆరాయంటే అద్దమంతా తెల్లమచ్చలు. షాంపూ ప్యాకెట్టు కలపమంటే కలిపాను, నురగ వచ్చి ఎదుటి లైట్లకి అద్దం మొత్తం వెలిగిపోయింది, మళ్లీ ఆ జోలికి పోలేదు. లారీ డ్రైవర్లు చెప్పే పొగాకు రుద్దడం వానచినుకులకి కొంచెం పనిచేసింది, ఒండ్రుకి కాదు.

వీటన్నిటికన్నా నాకు పనికొచ్చింది పైసా ఖర్చు లేనిది. ముందు గుంట ఉందన్న అనుమానం వస్తే చాలు, అందులో పడకముందే వైపరు ఫాస్టులో పెట్టేస్తాను. 20లోకి దింపుతాను. పడ్డాక మీట వెతుక్కోవడానికి ఉన్న ఆ ఒక్క సెకనే కాలవలోకి తీసుకెళ్లేది.

కొనమంటారా అంటే ఏం చెప్పను. రాజమండ్రిలో ఉండి ఆదివారం పూట యానాం దాకా షికారుకి వెళ్లేవాళ్లకి నా గోలంతా అనవసరం. మా ఆవిడకి మాత్రం ఇది ఏనాడూ నచ్చలేదు, పట్టుచీర కట్టుకుని ఎక్కే బండి కాదంటుంది, ఆ మాటా నిజమే. ఎక్కడా దిగబడదని ఇదివరకు ఘనంగా చెప్పేవాణ్ణి. రెండుసార్లు దిగబడింది, రెండోసారి లాగినందుకు ట్రాక్టరుకి 500 ఇచ్చాను. అయినా మిగతా రాత్రులన్నీ నన్ను చెరువు దగ్గరకి చేర్చింది ఇదే. లీజు ఇంకా రెండేళ్లుంది. అప్పటిదాకా అమ్మను, ఆ తర్వాత రొయ్య రేటుని బట్టి చూసుకోవాలి.

మొన్న కాలవలకి నీళ్లు వదిలారు. మా బావమరిది ఇప్పుడు ఈ బండెక్కితే ముందు చెయ్యి చాపి నా వాషరు మీట లాగుతాడు. నీళ్లు అద్దం మీద పడ్డాయని చూసుకున్నాకే తలుపు వేస్తాడు.