వంట చుట్టూ అల్లిన పుస్తకాలు: పఠన బృందానికి ఏది మేలు?

నెలకొకసారి కలుసుకొని, చదివిన పుస్తకం గురించి తీరికగా మాట్లాడుకొనే చిన్న బృందాల వారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటి ఉంది. వంట, భోజనం ఇతివృత్తంగా గల పుస్తకాన్ని ఈసారి తీసుకోవాలనుకుంటే దేనిని ఎంచుకోవాలి అని. మా బృందానికీ ఇటీవల ఇదే ఎంపిక ఎదురైంది గనుక, మేము పరిశీలించిన పుస్తకాలను పోల్చి, నా మొగ్గు ఎటువైపో, ఎందుకో వివరిస్తున్నాను. చివరి వరకు పోటీలో నిలిచినవి మూడు: ఐజాక్ డినేసెన్ పెద్దకథ ‘బాబెట్స్ ఫీస్ట్’, లారా ఎస్కివెల్ నవల ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’, షెఫ్ ఆంథనీ బోర్డేన్ వృత్తి జ్ఞాపకాలు ‘కిచెన్ కాన్ఫిడెన్షియల్’.

పుస్తకం నిడివి ఎంత, శైలి సులభమా, అందరికీ ప్రతులు దొరుకుతాయా అన్నవి ఎప్పుడూ చూసుకొనేవే. ఆహారం గురించిన పుస్తకాలకు మాత్రం ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది, నా దృష్టిలో ఎంపికను నిర్ణయించవలసినది అదే. తిండి మాట రాగానే ప్రతి ఒక్కరికీ చెప్పుకోవడానికి సొంత సంగతులు గుర్తుకు వస్తాయి. చిన్ననాటి రుచులు, ఇంట్లో వండిన చేతులు, ఎక్కడో తిన్న మరపురాని భోజనం వరుసగా బయటికి వచ్చి, కాసేపటికే పుస్తకం ఊసు లేకుండా పోతుంది. ఆ ముచ్చట్లు ఎంతో విలువైనవి, వాటిని ఆపడం న్యాయమూ కాదు. అందువల్ల నేను చూసేది ఒక్కటే: మాట సొంత వంటింటికి వెళ్లిన తరువాత, నిర్వాహకులు గుర్తు చేయనవసరం లేకుండా, అది తనంతట తానే పుస్తకంలోకి తిరిగి రావడానికి దారి ఉన్నదా? ఆ దారి ఉండాలంటే, వండిన మనిషి చేసిన పనిని గురించి చదివినవారిలో కనీసం ఇద్దరు మనస్ఫూర్తిగా విభేదించగలగాలి.

ఈ కొలతతో చూస్తే బోర్డేన్ పుస్తకం వెనుకబడుతుంది. 1999లో న్యూయార్కర్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం నుండి పెరిగి, 2000లో వెలువడిన ఈ పుస్తకంలో హోటళ్ల వంటగదుల వేగం, వేడి, అక్కడి మనుషుల మొరటు విశ్వాసం కళ్లకు కట్టినట్లు ఉంటాయి. భాగాలకు భోజనంలోని వడ్డనల పేర్లు పెట్టడం, అధ్యాయాలు చాలావరకు విడివిడిగా చదువుకోదగినవి కావడం వలన, సగమే చదివి వచ్చినవారు కూడా చర్చలో పాల్గొనగలరు. సరదా బృందానికి ఇది నిజమైన సౌలభ్యం. అయితే సోమవారం నాడు చేప అడగవద్దన్న ఆయన ప్రసిద్ధ హెచ్చరిక వంటివి చదివినవారు, వెంటనే తాము తిన్న హోటళ్ల గురించి మాట్లాడడం మొదలుపెడతారు, ఆ తరువాత పుస్తకం వైపు వెనుదిరగవలసిన అవసరం ఎవరికీ కలగదు. ఒక్క మినహాయింపు చెప్పాలి. అంతవరకు వంటగది అంటే అరుపులు, గందరగోళం అని చెప్పుకొచ్చిన రచయిత, స్కాట్ బ్రయన్ అనే షెఫ్ గురించిన అధ్యాయంలో, నెమ్మదిగా, క్రమబద్ధంగా నడిచే వంటగదిని చూసి తన మాటలు అన్నిచోట్లా చెల్లవని ఒప్పుకుంటాడు. ఈ పుస్తకాన్నే తీసుకోదలచినవారు ఆ అధ్యాయాన్ని అందరూ తప్పక చదివి రావాలని ముందే కోరితే, వాదనకు కొంత ఆధారం దొరుకుతుంది.

ఎస్కివెల్ నవల చాలా బలమైన పోటీదారు. 1989లో స్పానిష్ భాషలో వచ్చిన ఈ నవలలో నెలకొకటి చొప్పున పన్నెండు అధ్యాయాలు, అధ్యాయానికొక వంటకం ఉంటాయి. మెక్సికో విప్లవ కాలం నాటి కుటుంబంలో కడగొట్టు కూతురైన టీటా, పెళ్లి చేసుకోకుండా తల్లికి జీవితాంతం సేవ చేయాలన్న ఆచారానికి కట్టుబడవలసి వస్తుంది; ఆమె ప్రేమించిన పేద్రో, ఆమెకు దగ్గరగా ఉండవచ్చునన్న ఆశతో ఆమె అక్కనే పెళ్లాడతాడు. పెళ్లి కేకు పిండిలో పడిన టీటా కన్నీళ్లు అతిథులందరినీ ఏడిపించడం, గులాబీ రేకులతో వండిన కౌజు పిట్టల కూర మరో అక్క గెర్త్రూదిస్ ఒంట్లో నిప్పు రాజేసి ఆమెను ఇల్లు దాటించడం, చదివినవారు మరచిపోలేని ఘట్టాలు. వంటిల్లు టీటాకు చెరసాలా, ఆయుధాగారమా అన్న ప్రశ్న మీద అభిప్రాయాలు చీలడం ఖాయం. పేద్రో ఆమె ప్రేమకు తగినవాడేనా అన్నదాని మీద ఇంకా గట్టిగా చీలుతాయి. నా సంకోచం అక్కడే ఉంది: చర్చ చాలావరకు పేద్రో మంచిచెడుల వైపు మళ్లి, వంట పక్కకు జరిగే అవకాశం ఉంది. పైగా అద్భుతాలతో నిండిన కథనం కొందరికి మొదటి అధ్యాయాలలోనే అడ్డుపడుతుంది, మధ్యలో ఆపినవారికి చివరి అధ్యాయాల గురించి చెప్పడానికి ఏమీ మిగలదు.

నా ఓటు డినేసెన్ కథకే. ముగింపును దాచిపెట్టి ఈ కథను తూచడం సాధ్యం కాదు కనుక, చదవనివారు ఈ రెండు పేరాలను దాటవేయవచ్చును. నార్వేలోని ఒక మారుమూల ఊరిలో, మతబోధకుడైన తండ్రి నేర్పిన నిరాడంబరతతో బ్రతుకుతున్న మార్టీన్, ఫిలిప్పా అనే అక్కచెల్లెళ్ల ఇంటికి, 1871లో పారిస్ కమ్యూన్ అనే ప్రజా తిరుగుబాటు అణచివేత నుండి తప్పించుకొని, భర్తను, కొడుకును పోగొట్టుకొన్న బాబెట్ వచ్చి చేరుతుంది. ఏళ్ల తరబడి వారు చెప్పినట్లు ఎండుచేపలు, రొట్టె చారు వండుతుంది. లాటరీలో పదివేల ఫ్రాంకులు వచ్చినప్పుడు, ఆ సొమ్మంతా ఖర్చుపెట్టి, ఆ మతబోధకుని నూరవ జయంతి నాడు పన్నెండు మందికి విందు చేస్తుంది. తిండి మీద మమకారం పాపమని భయపడిన అతిథులు, ఏమి వడ్డించినా దాని గురించి ఒక్క మాట మాట్లాడకూడదని ముందే ఒట్టు పెట్టుకుంటారు. తింటున్నదేమిటో గుర్తించగలిగినవాడు, ఒకప్పుడు పారిస్‌లో విందులు ఆరగించిన జనరల్ లోవెన్‌హీల్మ్ ఒక్కడే.

అడుగడుగునా విభేదానికి చోటున్న కథ ఇది. తింటున్నదాని విలువ తెలియనివారికి అంతటి విందు పెట్టడం వృథాయేనా? ప్రతి వంటకం పేరూ తెలిసిన జనరల్ ఆ విందును నిజంగా అనుభవించాడా, లేక పేర్లేవీ తెలియకపోయినా పాత పగలు మరచి ఒకరినొకరు క్షమించుకొన్న ఆ ముసలి అతిథులా? అన్నిటికన్నా పదునైనది చివరిలో వస్తుంది. తమ కోసం సర్వస్వం ఖర్చుపెట్టిందని కంటతడి పెట్టబోయిన అక్కచెల్లెళ్లతో బాబెట్ తాను అది తన కోసమే చేశానని చెబుతుంది. పారిస్‌లో తన వంటను నిజంగా అర్థం చేసుకొన్నవారు, వీధి పోరాటంలో తాను ఎదిరించిన ప్రభువర్గం వారే. అయినా వారు పోయినందుకు ఆమె దుఃఖిస్తుంది, ఎందుకంటే తన కళను ఎరిగినవారు ఇక లేరు. ఇది చదివిన తరువాత సభ్యుల్లో ఒకరు తమ ఇంట్లో దశాబ్దాల పాటు వండిపెట్టిన మనిషిని తలచుకుంటే, ఆమె ఎవరి కోసం వండింది, తాను వండాలనుకొన్నది ఎన్నడైనా వండగలిగిందా అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. ఆ ప్రశ్నకు బాబెట్ ఇచ్చిన జవాబు పుస్తకంలో సిద్ధంగా ఉంది, దానిని కొందరు స్వార్థమంటారు, కొందరు గౌరవమంటారు. నేను పైన చెప్పిన తిరుగుదారి ఇంత స్పష్టంగా మరే పుస్తకంలోనూ నాకు కనబడలేదు. ఒక్క సాయంత్రంలో చదివి ముగించగలిగిన కథ కావడం వలన అందరూ ఆఖరి పుట వరకు చదివి వస్తారన్నది అదనపు లాభం.

తక్కినవాటిలో బనానా యోషిమోతో 1988లో వెలువరించిన ‘కిచెన్’ చిన్నదైన, సున్నితమైన రచన. అయితే అది ప్రధానంగా ఆప్తుల మరణం తరువాతి ఒంటరితనం గురించినది, కనుక ఒకరి బాధలు ఒకరికి తెలిసిన బృందానికే అది తగినది. మార్క్ కుర్లాన్‌స్కీ ‘సాల్ట్’ ఉప్పు చరిత్ర తెలుసుకోగోరేవారికి మంచిది, చర్చకు మాత్రం చాలా పెద్దది.

‘బాబెట్స్ ఫీస్ట్’ ఎంచుకొనేవారికి రెండు సూచనలు. 1987లో గాబ్రియేల్ అక్సెల్ తీసిన చలనచిత్రం చాలా ప్రసిద్ధమైనది, ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ కూడా పొందింది. అందులో కథ నార్వే నుండి డెన్మార్క్ తీరానికి మారింది. చిత్రం చూసినవారు కథ చదవడం మానేసే అవకాశం ఉంది కనుక, సమావేశం పూర్తయిన తరువాతనే కలిసి చూడడం మంచిది. రెండవది, బృందానికి ఈ ఇతివృత్తం నచ్చితే మరుసటి నెల ఎస్కివెల్ నవల తీసుకోవడం. తన కోసమే వండానని చెప్పగలిగిన బాబెట్ గురించి వాదించుకొన్నవారికి, ఎవరి కోసం వండాలో ఇతరులే నిర్ణయించిన టీటా కథలో పేద్రోను దాటి చూడవలసినదేమిటో ముందే తెలిసి ఉంటుంది.