మూత వేసినా నిద్రపోని ల్యాప్‌టాప్

ఈ గేమింగ్ ల్యాప్‌టాప్ మీద నాకున్న కోపమంతా ఒక్క విషయంలోనే. మూత వేస్తే ఇది నిద్రపోదు, నిద్ర నటిస్తుంది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి, కొన్ని చాలా బాగున్నాయి కూడా. అందుకే ఈ ఒక్కటి పంటి కింద రాయిలా తగులుతుంది.

కాలేజీలో చేరేటప్పుడు కొన్నాను, ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ప్రాసెసర్ ఏది, తెర ఎన్ని హెర్ట్జ్ అన్నవి డబ్బా మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060, అంతవరకు తెలిస్తే చాలు. దాని గురించి ఒక్క మాట మాత్రం చెప్పాలి. అదే పేరున్న కార్డుకు ఒక ల్యాప్‌టాప్‌లో 35 వాట్లు, మరొకదానిలో 115 వాట్లు అందవచ్చు. ఎంత ఇవ్వాలన్నది తయారీదారు ఇష్టం. ప్రకటనలో పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది, వాట్లు ఎక్కడో చివరి పట్టికలో ఉంటాయి, ఒక్కోసారి అక్కడా ఉండవు. నాది పై అంచుకు దగ్గరగా ఉన్న రకం. ఆటల్లో ఇంతవరకు లోటు చేయలేదు.

ఇక నిద్ర సంగతి. రెండో సంవత్సరం ప్రాజెక్టు రివ్యూ ముందు రాత్రి స్లైడ్లు పూర్తి చేసి, కాసేపు ఆడుకుని, చార్జరుకు తగిలించే ఉంచి మూత వేసి పడుకున్నాను. పొద్దున చార్జరు పీకి, ల్యాప్‌టాప్‌ను కవర్లోనూ కవరును బ్యాగులోనూ పెట్టుకుని బయలుదేరాను. మా జట్టు వంతు మధ్యాహ్నం. మొదటి క్లాసులో ఎక్కడి నుంచో సన్నగా ఈల వినిపిస్తుంటే పైనున్న ఫ్యానుదేమో అనుకున్నాను. రివ్యూ గది ముందు బ్యాగు జిప్పు తీయగానే వేడిగాలి ముఖానికి కొట్టింది. కవరు లోపలి స్పాంజి వేడెక్కి జిగురు వాసన వస్తోంది. కీబోర్డు పైనున్న లోహపు పట్టీ మీద వేలు ఆనించలేకపోయాను. ఫ్యాన్లు రెండూ పూర్తి వేగంతో తిరుగుతూ, గాలి బయటికి పోయే దారి లేక, వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తున్నాయి. మూత తెరిస్తే తెర వెలిగింది. బ్యాటరీ 6 శాతం. పాస్‌వర్డ్ కొట్టేలోగా ఆరిపోయింది.

దీని చార్జరు 230 వాట్లది, కిలోకు కాస్త తక్కువ బరువు. రోజూ మోయలేక గదిలోనే ఉంచేవాడిని. ఈ ల్యాప్‌టాప్‌లో నేను ఊహించని మంచి ఒకటి ఆ రోజే బయటపడింది. పక్క జట్టులో ఒకరి సన్న ల్యాప్‌టాప్‌తో వచ్చిన 65 వాట్ల టైప్-సీ చార్జరు తగిలిస్తే, సామర్థ్యం చాలదని గొణుగుతూనే ఇది లేచి కూర్చుంది. అయితే మా ప్రోగ్రామ్ నడిచేది గ్రాఫిక్స్ కార్డు మీద. ఆ కరెంటుతో, ఆ వేడితో, ఒక్కో ఫలితం తెరమీదికి రావడానికి ఆపసోపాలు పడింది. "ఇంత నెమ్మదా?" అన్నారు మేడమ్. "రాత్రి బాగానే నడిచింది మేడమ్" అన్నాను. ప్రతి జట్టూ చెప్పే మాటే కాబట్టి ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

సర్వీసు సెంటరువాళ్లు ఒక రోజంతా ఉంచుకుని, యంత్రంలో లోపమేమీ లేదు, విండోస్ మళ్లీ వేసుకోండి అన్నారు. వేసుకున్నాను. వారం తిరగకుండా బ్యాగులో మళ్లీ అదే ఈల. విచిత్రమేమిటంటే వాళ్లు చెప్పింది ఒక లెక్కన నిజమే. ఇది చెడిపోయి ఇలా చేయడం లేదు, దీన్ని తయారు చేసిన తీరే ఇది.

పాత ల్యాప్‌టాప్‌లలో నిద్ర అంటే ఎస్3 అనే స్థితి. తెరిచి ఉన్న పనిని గుర్తుంచుకునే ర్యామ్‌కు మాత్రం కొద్దిపాటి కరెంటు అందేది, ప్రాసెసరుతో సహా దాదాపు అన్నీ ఆగిపోయేవి. ఇప్పుడు వచ్చేవాటిలో చాలావాటికి ఆ స్థితి లేదు, దాని స్థానంలో మోడర్న్ స్టాండ్‌బై వచ్చింది. ఇందులో తెర ఆరుతుంది కానీ యంత్రం పూర్తిగా ఆగదు. లోలోపల మేలుకుని ఉండి మెయిళ్లు తెచ్చుకోవడం, అప్‌డేట్లు చూసుకోవడం చేయగలదు. మూత తీయగానే వెలగడం దీనివల్ల వచ్చే సుఖం. డ్రైవర్లన్నీ, అంటే లోపలి ఒక్కో భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్లన్నీ, బుద్ధిగా ఒదిగి ఉన్నంతసేపు కరెంటు ఖర్చు కూడా స్వల్పమే. ఏ ఒక్కటి మొండికేసినా గాఢనిద్ర పట్టదు. సన్న ల్యాప్‌టాప్‌లో ఆ అరమెలకువకు అయ్యే ఖర్చు తక్కువ. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది, రంగురంగుల దీపాలను నడిపే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఫ్యాన్లను నడిపేది ఇంకొకటి ఉంటుంది. మొండికేసేవాళ్లకు కొదవ లేదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ' తర్వాత 'స్లాష్ ఏ' (powercfg /a) కొడితే మీ యంత్రానికి ఏయే నిద్రలు వచ్చో చూపిస్తుంది. నా దాంట్లో ఎస్3 లేదు, విండోస్ కంటే ముందే లేచే బయోస్ సెట్టింగుల్లో వెతికినా దొరకలేదు. అదే మాట తర్వాత 'స్లాష్ స్లీప్‌స్టడీ' (powercfg /sleepstudy) కొడితే గత మూడు రోజుల నిద్రల చరిత్రంతా ఒక నివేదికగా వస్తుంది. ఎప్పుడు పడుకుంది, ఎంత బ్యాటరీ తాగింది, ఎవరు లేపారు అన్నీ అందులో ఉంటాయి. నాకు ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవరు పేరు కనిపించింది, ఇంకోసారి వైఫై, మరోసారి ఆడియో. రోజుకో దొంగ అయితే ఎవరిని పట్టుకోను?

చివరికి దొంగలను వదిలేసి తలుపుకే తాళం వేశాను. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, మూత వేస్తే స్లీప్ బదులు హైబర్నేట్ అయ్యేలా మార్చాను. అప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో రాసుకుని యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. దానికోసం డిస్కులో కొంత చోటు పోతుంది, నా 16 జీబీ ర్యామ్‌కు ఆరు జీబీకి పైగా. మూత తీశాక పని మొదలుపెట్టడానికి పావు నిమిషం దాకా ఆగాలి. ఆట తెరిచి ఉండగా మూత వేస్తే లేచాక అది ఒక్కోసారి కుప్పకూలుతుంది, కాబట్టి మూసేసి మరీ మూత వేస్తాను. వీటన్నిటికీ ఒప్పుకున్నాక బ్యాగులో ఈల ఆగింది. ముందు చార్జరు పీకి, ఆ తర్వాత మూత వేయడం కూడా అలవాటు చేసుకున్నాను. తగిలించి ఉండగా పడుకున్నది పీకేశాక కూడా కరెంటు ఉందన్న ధీమాతోనే ఉండిపోతుందని చాలామంది అంటారు. నా అనుభవమూ అలాగే ఉంది. తయారీదారు ఇచ్చిన కంట్రోల్ యాప్ ఒకసారి తనంతట తాను అప్‌డేట్ అయి, మూత సెట్టింగును మళ్లీ స్లీప్‌కు తిప్పేసింది. అప్పటి నుంచి జిప్పు పెట్టే ముందు మూతకు చెవి ఆనించి వింటున్నాను. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, రానివ్వండి.

కొన్న కొత్తలో దీని బ్యాటరీని కనిపించిన ప్రతివాడి దగ్గరా మెచ్చుకున్నాను. ఆరు గంటలు వస్తుందన్నాను. వస్తుంది. తెర వేగాన్ని 60 హెర్ట్జ్‌కు దించి, కీబోర్డు దీపాలు ఆర్పి, గ్రాఫిక్స్ కార్డు అవసరమైనప్పుడే లేచేలా హైబ్రిడ్‌లో పెట్టి, నోట్సు మాత్రమే రాసుకుంటే వస్తుంది. రాత్రి ఆట కోసం, తెరను ఏ గ్రాఫిక్స్‌కు కలపాలో మార్చే మక్స్ స్విచ్‌ను నేరుగా గ్రాఫిక్స్ కార్డుకు తిప్పి, పొద్దున వెనక్కి తిప్పకుండా వెళ్తే రెండు గంటలే. వెనక్కి తిప్పాలంటే నా మోడల్‌లో రీస్టార్ట్ చేయాలి. పైగా ఇప్పుడు బ్యాటరీ నివేదిక చూస్తే, 80 వాట్‌అవర్ల సామర్థ్యంతో పుట్టినది 60ల్లోకి దిగింది. వయసుతో ఎంత పోయిందో, బ్యాగులో ఉడికిన రోజులు ఎంత తిన్నాయో విడదీసి చెప్పలేను. లిథియం బ్యాటరీకి వేడి శత్రువన్నది మాత్రం తెలిసిందే. 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగును ఆలస్యంగానైనా పెట్టాను.

కీబోర్డు విషయంలో నా పొగడ్త అలాగే ఉంది. రాత్రంతా కోడు రాసినా వేళ్లు అలసిపోవు. లైబ్రరీలో సైలెంట్ మోడ్ నిజంగానే సైలెంట్, పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ చేయనంతవరకు. తెర ఆరుబయట వెలుతురులో వెలవెలబోతుంది.

మరి కొనవచ్చా? నా దగ్గర ఒక్క యంత్రానికే వీలుంది. చదువు, ఆట రెండూ దానిమీదే సాగాలి, పైగా మెషిన్ లెర్నింగ్ పేపర్లకు గ్రాఫిక్స్ కార్డు తప్పలేదు. ఆ లెక్కలో మళ్లీ కొనాల్సి వచ్చినా బహుశా ఇలాంటిదే కొంటాను, టైప్-సీ చార్జింగ్ ఉందో లేదో మాత్రం ముందే చూసుకుంటాను. హాస్టల్ గదిలో బల్ల మీదే ఎక్కువసేపు ఉండే యంత్రమైతే పైన రాసిన గొడవలో ముప్పావు వంతు మీకు తగలదు. రోజూ వీపు మీద మోస్తూ క్లాసుకూ క్లాసుకూ మధ్య మూత తీస్తూ వేస్తూ ఉండేవారైతే, ఇంట్లో ఆటలకు వేరే కంప్యూటర్ ఉన్నట్లయితే, తేలికైన ల్యాప్‌టాప్ తీసుకోవడమే సుఖమనిపిస్తోంది. ఈ మధ్య వచ్చిన మోడళ్లలో నిద్ర ఎలా ఉందో నేను వాడి చూడలేదు.

మా తమ్ముడు వచ్చే ఏడాది కాలేజీలో చేరతాడు. నాది చూసి ఇదే కావాలంటున్నాడు. ఏ బ్రాంచి తీసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు కానీ, గ్రాఫిక్స్ కార్డు మాత్రం తేల్చేసుకున్నాడు.