వినైల్ కోతకు పలుచని డై మేలా, ఉక్కు అంచు డై మేలా?

సిజిక్స్ బిగ్ షాట్ వంటి, చేతితో పిడి తిప్పే యంత్రంలో అంటుకునే ప్లాస్టిక్ పొర అయిన వినైల్‌ను కోయదలచినవారు ముందుగా డై, అంటే ఆకారాన్ని కోసే అచ్చు, సంగతి తేల్చుకోవాలి. ఒకటి రేకులా పలుచగా ఉండే లోహపు డై. రెండవది, దాదాపు 16 మిల్లీమీటర్ల మందం గల దిమ్మెలో ఉక్కు అంచులను అమర్చి, చుట్టూ స్పాంజి పరచిన బిగ్జ్ తరహా డై.

లతలు, లేసు అంచుల వంటి సన్నని పనికి పలుచని డైకి సాటి లేదు. అయితే ఒరకల్ 651 వంటి వినైల్ మందం 63 మైక్రాన్లే కావడం వల్ల, పైగా దానికి సాగే గుణం ఉండడం వల్ల, ఒత్తిడి చాలని చోట ఆకు కొనల దగ్గర వెంట్రుకంత పోగు తెగకుండా మిగిలిపోతుంది. దాన్ని లాగితే ఆకారమే వంకరపోతుంది. యంత్రంలో డైని, వినైల్‌ను ఇరికించే పలకల మధ్య ఒక మామూలు కాగితం అదనంగా చేర్చి మళ్లీ తిప్పితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఉక్కు అంచు డై సాధారణంగా ఒక్కసారికే శుభ్రంగా కోస్తుంది, కోసిన ముక్కను స్పాంజి పైకి నెడుతుంది. పెద్ద అక్షరాలకు, ఒకే ఆకారం యాభై కావలసిన పనికి నేను నిస్సంకోచంగా దీనినే ఎంచుకుంటాను. సన్నని నగిషీ మాత్రం దీనివల్ల కాదు.

రెండింటిలోనూ వినైల్ వెనుక అంటి ఉండే కాగితం కూడా తెగిపోతుంది కనుక ప్రతి ముక్కనూ దాని నుంచి గోటితో విడదీయక తప్పదు. అక్షరాలైతే ముందుగా చిత్తు కాగితంపై ఒకసారి కోసి, అద్దంలోలా తిరగబడుతున్నాయేమో చూసుకోవాలి.