డబ్బా మీద ఈకలున్నాయి, బొమ్మకి లేవు

మా మేనల్లుడి ఏడో పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో 1,299 పెట్టి ఈ డైనోసార్ల సెట్ తెప్పించాను. కంపెనీ పేరెందుకులెండి. డబ్బా మీద వెలాసిరాప్టర్‌కి చేతుల నిండా ఈకలు, తీరా విప్పి చూస్తే లోపలి బొమ్మకి ఒక్క ఈక లేదు, తొండలా గరుకు చర్మం.

ప్లాస్టిక్ గట్టిదే, వారంలో నాలుగుసార్లు మెట్ల మీంచి దొర్లినా తోక విరగలేదు. కానీ టర్కీ కోడంత ఉండే జంతువుని టీ రెక్స్ భుజం దాకా లేపేశారు. మంగోలియాలో దొరికిన వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు కుదురుకునే బొడిపెలున్నాయని 2007లోనే బయటపడింది, అంతకు పదకొండేళ్ల ముందే చైనాలో నూగు ఈకలున్న సైనోసారోప్టెరిక్స్ అనే ఇంకో డైనోసార్ దొరికింది. అచ్చు మాత్రం పాతదే వాడేశారు.

కూడా వచ్చిన చిన్న పుస్తకం ఇంకా ఘోరం. ‘రాక్షసబల్లుల డీఎన్ఏ పరీక్షించి ఈకలున్నాయని తేల్చారు’ అట! ఇప్పటిదాకా చదవగలిగిన అతి పాత డీఎన్ఏ వయసు ఇరవై లక్షల ఏళ్లు, వెలాసిరాప్టర్ పోయి ఏడు కోట్ల ఏళ్లు దాటింది. (రాక్షసబల్లి అన్న మన మాట కూడా తక్కువేం కాదు, కోడి చుట్టాన్ని పట్టుకుని బల్లి అంటుంది.) జన్యువుల సాక్ష్యం ఉంది, అది దొరికింది డైనోసార్ల వంశంలోదే అయిన కోడిలో.

ఆదివారం చికెన్ షాపులో బోనులో ఉన్న కోడిని చూసి మావాడు, "మావయ్యా, దీని కాళ్లకి బల్లి చర్మం ఉందేంటి?" అన్నాడు. విషయమంతా అక్కడే ఉంది. జెనీవా యూనివర్సిటీ వాళ్లు గుడ్డులో పదకొండో రోజు పిండానికి రక్తనాళంలోకి మందు ఎక్కించి, సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు (అవును, వీడియో గేమ్ పేరే) పంపే సంకేతాన్ని కాసేపు పెంచారు, అంతే, కాలి మీద పొలుసులు రావాల్సిన చోట ఈకలొచ్చాయి, కోడి పెద్దయ్యాక కూడా పోలేదు. డీఎన్ఏలో ఒక్క అక్షరం మార్చలేదు. ఇది 2023లో. 2025లో దాన్నే తిరగేసి చేశారు, తొమ్మిదో రోజున అదే సంకేతాన్ని అడ్డుకుంటే రెక్కల మీద పాయలు విడని, ఉత్త గొట్టాల్లాంటి మొలకలు లేచాయి, తొలి ఈకలు అలాగే ఉండేవని అనుకుంటున్న రూపం అది. తర్వాత ఈకలు మళ్లీ కోలుకున్నాయనుకోండి, అంత మొండి ఘటాలు.

ఇందులో ఒక్క ముక్క కూడా ఆ పుస్తకంలో లేదు. కస్టమర్ కేర్‌కి రాస్తే ‘ఫొటోకి, వస్తువుకి రంగులో కొద్దిగా తేడా ఉండవచ్చు’ అని జవాబు.

షాపతన్ని అడిగి నాలుగు ఈకలు తెచ్చి, కడిగి ఆరబెట్టి, ఫెవికాల్‌తో చేతులకి అతికించాం. రెండు ఊడిపోయాయి. మూడు స్టార్లు, అవీ ప్లాస్టిక్‌కే.