గొంతు ఎవరిది, ముఖం ఎవరిది? పాట వీడియోలో ఏ దారి మేలు

సొంతంగా పాట చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునే గాయనికి రికార్డింగ్ అయిపోయాక ఒక ప్రశ్న ఎదురవుతుంది. వీడియోలో ఎవరు కనిపించాలి? ఫ్రేము నిండా తానే నిలబడాలా? బాగా డ్యాన్స్ చేసే ఇంకో అమ్మాయిని పెట్టి తాను గొంతు వరకే ఉండిపోవాలా? లేక తన ఊరినీ తన మనుషులనీ వెంటబెట్టుకుని వాళ్ల మధ్య కనిపించాలా? కెమెరా అద్దె, లొకేషన్, కాస్ట్యూమ్స్ లెక్కల్లో పడి చాలామంది దీన్ని డైరెక్టర్‌కు వదిలేస్తారు. జనం మనసులో ఆ గాయని ఎవరుగా మిగులుతుందో తేలేది మాత్రం ఇక్కడే.

ఈ మూడు దారుల్లోనూ ప్రపంచమంతా చూసిన వీడియోలున్నాయి. అవి ఎంత అందంగా ఉన్నాయన్నది నాకు రెండో విషయం. పాట పెద్ద హిట్టయ్యాక పేరు, ప్రోగ్రాములు, తర్వాతి అవకాశాలు ఆ గొంతున్న మనిషికే వచ్చాయా, ఇంకెవరికైనా పోయాయా? నేను తూచేది దీంతోనే.

మొదటి దారి, ఫ్రేము నిండా తానే ఉండటం. 1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోలు వేసే ఎంటీవీ ఛానెల్ మొదలైనప్పటి నుంచి పాప్ గాయకులకు ఇదే రాజమార్గం. తొలినాళ్లలో ఆ ఛానెల్ ఎక్కువగా తెల్లజాతి రాక్ బ్యాండ్ల పాటలే వేసేది. 1983లో మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' వచ్చి ఆ తలుపు తెరిచింది. అందులో కథ లీలామాత్రం. ఒక ఫొటోగ్రాఫర్ వెంటాడుతుంటాడు, ఇతను అడుగుపెట్టిన చోటల్లా నేల మీది పలకలు వెలుగుతుంటాయి. పాట వింటే నింద మోస్తున్న మనిషి, వీడియో చూస్తే ఎవరికీ అందని మనిషి. ఆ రెండూ కలిసి జాక్సన్ ఇమేజ్ అయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 'థ్రిల్లర్' దాదాపు 14 నిమిషాల చిన్న సినిమా. 2009లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన చిత్రాల జాబితాలో చోటు దక్కిన తొలి మ్యూజిక్ వీడియో అదే.

ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారం అనుకోనక్కర్లేదు. 2008 అక్టోబరులో అమెరికా పాప్ గాయని బియాన్సే రెండు పాటలు ఒకేసారి వదిలింది. రెండు వీడియోలకూ దర్శకుడు జేక్ నావానే, రెండూ బ్లాక్ అండ్ వైట్‌లోనే. 'ఇఫ్ ఐ వర్ ఎ బాయ్'లో కథ ఉంది, భార్యాభర్తల స్థానాలు తారుమారవుతాయి, ఆమె పోలీసు యూనిఫాంలో కనిపిస్తుంది. 'సింగిల్ లేడీస్'లో ఖాళీ గోడ, ముగ్గురు ఆడవాళ్లు, ఆగకుండా సాగే డ్యాన్స్ తప్ప ఇంకేమీ లేదు. ప్రపంచం అనుకరించింది ఈ రెండోదాన్నే. సెట్టింగులు లేకపోయినా మనిషి ఒక్కరే తెరను నింపగలరని దాన్ని చూస్తే తెలుస్తుంది. అయితే అలా నింపాలంటే ఏళ్ల తరబడి చేసిన సాధన ఒంట్లో ఉండాలి. అది లేకుండా మనవాళ్లు క్లోజప్‌ల మీద ఆధారపడినప్పుడు కామెంట్లన్నీ పాటను వదిలేసి ముఖం మీదకీ రంగు మీదకీ పోతాయి. ఆడపిల్లలకు ఈ బాధ మరీ ఎక్కువ. పాట బాగుందో లేదో చెప్పకుండా చీర గురించీ లావు గురించీ రాసేవాళ్లను చూస్తే కోపం వస్తుంది.

రెండో దారిలో గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది. దీన్ని కావాలని, ఆలోచించి ఎంచుకున్న గాయని ఆస్ట్రేలియాకు చెందిన సియా. ఇతరులకు హిట్ పాటలు రాసి పేరు తెచ్చుకున్న ఆమెకు జనం గుర్తుపట్టే బతుకు వద్దనిపించింది. 2013లో బిల్‌బోర్డ్ పత్రిక ముఖచిత్రానికి తలకు కాగితపు సంచి తొడుక్కుని ఫొటో దిగింది. 2014లో 'షాండెలియర్' వీడియోలో తనకు బదులు 11 ఏళ్ల మ్యాడీ జీగ్లర్‌ను నిలబెట్టింది. ఆ పాప నెత్తిన సియా జుట్టులాగే పొట్టిగా కత్తిరించిన బంగారు రంగు విగ్గు, చుట్టూ వెలిసిపోయిన గోడల ఇల్లు. పాట తాగుడులో మునిగిన మనిషి గురించి. డ్యాన్స్ చూస్తుంటే ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది. 2015 గ్రామీ అవార్డుల వేదిక మీద కూడా సియా జనానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి పాడింది.

ఇక్కడ గమనించాల్సింది ఆ విగ్గు. ముఖం దాచుకున్నా విగ్గు సియాది, ఆలోచన సియాది, వీడియో దర్శకుల్లో ఒకరు సియానే. ఎవరి నెత్తిన పెట్టినా జనానికి ఆమే గుర్తొస్తుంది. కాబట్టి ఈ దారి ఆమెకు నష్టం చేయలేదు, ఆమె కోరుకున్న ప్రశాంతత కూడా ఇచ్చింది. నన్ను కలవరపెట్టేది వేరే సంగతి. పెద్దావిడ బాధ మొత్తాన్నీ పన్నెండేళ్లు కూడా నిండని పిల్ల ఒంటి మీద మోయించడం సరేనా? మరుసటి ఏడాది 'ఎలాస్టిక్ హార్ట్'లో అదే పాపను ఒక పెద్ద నటుడితో బోనులో తలపడేలా చూపించినప్పుడు విమర్శలు వచ్చాయి, సియా క్షమాపణ చెప్పింది. తాను తప్పుకున్న వెలుగులోకి ఒక పసిపిల్లను నెట్టిందన్న మాటను కొట్టిపారేయలేను.

ఇదే రెండో దారి మన జానపద ప్రైవేట్ సాంగ్స్‌లో రోజూ కనిపిస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ దాన్ని గాయని ఎంచుకోదు. గొంతు ఒకరు, తెర మీద లీడ్ పెయిర్ ఇంకొకరు అన్నది అలవాటుగా నడిచిపోతోంది. 2025లో ఊళ్లన్నీ ఊగిపోయిన 'రాను బొంబాయికి రాను' చూడండి. రాము రాథోడ్ పాడాడు, తెర మీద ఆడాడు కూడా. ఆడగొంతు ప్రభది, తెర మీద కనిపించే అమ్మాయి లిఖిత. వీడియో ఒక్కటే, పాడినవాళ్లు ఇద్దరు, ఇద్దరికీ దక్కిన గుర్తింపు మాత్రం ఒకటి కాదు. రాము ఆ పాటతో ఇంటింటికీ తెలిసి అదే ఏడాది బిగ్ బాస్ తెలుగులోకి వెళ్లాడు. ప్రభ పేరు క్రెడిట్స్‌లో ఉంది, కానీ పెళ్లి బరాత్‌లో ఆ పాటకు డ్యాన్స్ చేసేవాళ్లను అడిగితే ఆ ఆడగొంతు ఎవరిదో చెప్పేవాళ్లు నాకు చాలా తక్కువమంది దొరికారు. లిఖిత తప్పు ఇందులో ఏమీ లేదు, ఆమె పని ఆమె గొప్పగా చేసింది. అలవాటే అలా ఉంది.

సినిమా పాటలో ఇదే ఏర్పాటు దశాబ్దాలుగా నడిచింది కదా అనొచ్చు. నిజమే. సుశీల, జానకి పాడితే హీరోయిన్ పెదవులు కదిపేది. కానీ అప్పుడు రేడియోలో ప్రతి పాటకు ముందు పాడినవారి పేరు చదివేవాళ్లు. క్యాసెట్ అట్ట మీద పేరుండేది. గొంతు వినగానే పేరు చెప్పగలిగేలా శ్రోతలు తయారయ్యారు. ఇప్పుడు పాట ముప్పై సెకన్ల రీల్‌గా చెవిన పడుతోంది, అందులో పేరు చదివే మనిషి లేడు. అందుకేనేమో సినిమావాళ్లే కొంత మారారు. 2019లో 'సామజవరగమన' లిరికల్ వీడియోలో సిద్ శ్రీరామ్‌నే మధ్యలో నిలబెట్టి పాడించారు. పాట ఎంత పాకిందో, ఆ ముఖమూ అంతే పాకింది.

ఇక మూడో దారి. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ, అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనదీ ఇదే. తన నేలనూ తన మనుషులనూ చూపిస్తూ, నేను వీళ్ల మనిషిని అని చెప్పుకోవడం.

2016 ఫిబ్రవరిలో మెలీనా మత్సూకాస్ దర్శకత్వంలో వచ్చిన 'ఫార్మేషన్'లో బియాన్సే అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ ఊరి వరద నీటిలో మునిగిపోతున్న పోలీసు కారు మీద కనిపిస్తుంది. హుడీ వేసుకున్న నల్లజాతి పిల్లాడు వరుసగా నిలబడిన పోలీసుల ముందు డ్యాన్స్ చేస్తాడు, వాళ్లు చేతులు పైకెత్తుతారు. గోడ మీద 'మమ్మల్ని కాల్చడం ఆపండి' అన్న రాత. మర్నాడే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ వేదిక మీద ఆ పాట పాడింది. ఎనిమిదేళ్ల క్రితం ఖాళీ గోడ ముందు ఆడిన పాప్ స్టార్ ఇప్పుడు ఒక జాతి తరఫున నిలబడిన మనిషిగా కనిపించింది. ఆమె ఇమేజ్‌లో ఇంత పెద్ద మలుపు ఒక్క వీడియోతో రావడం మామూలు సంగతి కాదు.

అయినా దీన్ని పూర్తిగా మెచ్చుకోలేకపోతున్నాను. ఆ వీడియో మొదట్లో వినిపించే మాటలు మెస్సీ మాయా అనే న్యూ ఆర్లియన్స్ యూట్యూబ్ కళాకారుడివి. 2010లో అతన్ని ఎవరో కాల్చి చంపారు. అనుమతి లేకుండా గొంతు వాడారంటూ అతని కుటుంబం తరఫున 2017లో కోర్టుకు వెళ్లారు, ఏడాది తర్వాత రాజీ కుదిరింది. అదే ఊరికి చెందిన బిగ్ ఫ్రీడియా గొంతు కూడా పాటలో ఉంది, మనిషి మాత్రం వీడియోలో లేరు. ఊరి తరఫున మాట్లాడే వీడియోలో ఆ ఊరి గొంతులకే ముఖం లేకపోవడం నాకు మింగుడుపడదు. మన జానపద గాయనులకు జరుగుతున్నది కూడా ఇదే కాబట్టి మరీ.

పొరుగునే జరిగిన కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2021 మార్చిలో వచ్చిన తమిళ పాట 'ఎంజాయ్ ఎంజామి'. సంతోష్ నారాయణన్ నిర్మాత, ధీ, అరివు కలిసి పాడారు, రాసింది అరివు. శ్రీలంక టీ తోటల్లో కూలికి పనిచేసి వచ్చిన తన బామ్మ తరం వాళ్ల బతుకులోంచి, భూమి లేని మనుషుల బాధలోంచి ఆ పాట పుట్టిందని అరివు చెప్పాడు. ఆ బామ్మ వళ్లియమ్మాళ్‌ను వీడియోలోకి తెచ్చి సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టారు. పాటలో ఆమె పేరు కూడా వస్తుంది. జనాన్ని వెనకాల గుంపుగా నిలబెట్టి ఊరుకోకుండా ఒక మనిషికి పేరూ కుర్చీ ఇవ్వడం చూసి నేను నిజంగా పొంగిపోయాను. ఈ దారిని ఎలా నడవాలో చూపించిన వీడియో ఇది.

వీడియో బయట జరిగింది వేరు. ఆ ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా అనే సంగీత పత్రిక ముఖచిత్రం మీద ధీ, ర్యాపర్ షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నారు, అరివు లేడు. దర్శకుడు పా. రంజిత్‌తో సహా చాలామంది నిలదీశాక అరివుతో మరో డిజిటల్ కవర్ వేశారు. 2022 జులైలో చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేడుకలో ఈ పాట పాడినప్పుడు అరివు వేదిక మీద లేడు. తర్వాత అతను తన బాధను బహిరంగంగా రాశాడు, సంతోష్ నారాయణన్, ధీ తమ వైపు మాట చెప్పారు. ఎవరి మాట ఎంత అన్న లెక్కలోకి నేను పోను. వీడియోలో సరిగ్గా కనిపించినంత మాత్రాన సరిపోదని, పోస్టర్లలో, పత్రికల్లో, వేదికల మీద కూడా అదే మనిషి కనిపించేలా ముందే మాట రాయించుకోవాలని ఈ ఉదంతం చెబుతోంది.

తనది కాని నేలను అరువు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. బ్రిటన్ బ్యాండ్ కోల్డ్‌ప్లే ముంబయిలో తీసి 2016లో విడుదల చేసిన 'హిమ్ ఫర్ ది వీకెండ్'లో హోలీ రంగులు, సాధువులు, హిందీ సినిమా హీరోయిన్ వేషంలో బియాన్సే కనిపిస్తారు. కంటికి పండగే. మనదేశం అంటే వాళ్లకు ఇంతేనా అని చాలామంది నొచ్చుకున్నారు, నేనూ వాళ్లలో ఒకడిని. గిరిజన గూడేలకు వెళ్లి రెండు రోజులు షూట్ చేసి, అక్కడివాళ్లను గుంపుగా వెనకాల నిలబెట్టి వచ్చేసే మన వీడియోలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

మన దగ్గర మూడో దారి ఫలించిన గాయని మంగ్లీ. అనంతపురం జిల్లా లంబాడీ తండాలో పుట్టిన అమ్మాయి, వీ6 ఛానెల్‌లో మాటకారి మంగ్లీగా జనానికి దగ్గరై, ఏటా బతుకమ్మ పాటల వీడియోల్లో తానే పాడుతూ తానే కనిపిస్తూ వచ్చింది. పట్టుచీర, పూల వరుసలు, చుట్టూ చప్పట్లు కొట్టే ఆడవాళ్లు, మధ్యలో తాను. అలా ముఖం నాటుకుపోయింది కాబట్టే 2021లో 'సారంగ దరియా' తెర మీద సాయి పల్లవి డ్యాన్స్‌తో మోగిపోయినప్పుడు కూడా ఆ గొంతు మంగ్లీదని అందరికీ తెలుసు. అంత గొప్ప డ్యాన్సర్ ముందు కూడా గాయని పేరు మరుగున పడలేదు. ముందుగా మూడో దారిలో నడిచినవాళ్లకు తర్వాత రెండో దారిలో పాడినా నష్టం ఉండదన్నది దీన్నిబట్టి నాకు అర్థమైంది. మొదటి పాటే గొంతు మాత్రం ఇచ్చి తప్పుకుంటే ఆ తర్వాత ముఖం తెచ్చుకోవడం చాలా కష్టం.

కాబట్టి నా ఓటు మూడో దారికే. డ్యాన్స్ వచ్చినవాళ్లు మొదటి దారి పట్టినా తప్పులేదు, దానికి సెట్టు కూడా అక్కర్లేదు. కొత్త గాయని మొదటి రెండు మూడు వీడియోల్లోనైనా తానే పాడుతూ కనిపించాలి, అదీ తన వాడలోనో, తన పొలం దగ్గరో, తనకు తెలిసిన మనుషుల మధ్యనో. డప్పు కొట్టిన పెదనాన్న, కోరస్ పాడిన అక్కలు ఎవరున్నా వాళ్ల పేర్లు టైటిల్ కార్డులో వేయాలి, డిస్క్రిప్షన్ చివర్లో పెడితే ఎవరూ చదవరు. ముఖం చూపించడానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలున్నారు, వాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్లు లీడ్ యాక్టర్‌ను పెట్టుకున్నా, సియా విగ్గులా తమదైన గుర్తు ఒకటి పట్టుకోవచ్చు. ప్రతి వీడియోలోనూ అదే రంగు ఓణీ, లేదా మైకు ముందు చేతులు మాత్రమే కనిపించే షాట్, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు, ఏదైనా సరే. ఆ గుర్తూ పేరూ రీల్స్ కోసం కత్తిరించే ముప్పై సెకన్ల ముక్కలో కూడా ఉండాలని ఎడిటర్‌తో షూటింగ్‌కు ముందే మాట్లాడుకోవాలి, ఎక్కువమంది పాటను మొదటిసారి చూసేది అందులోనే.