35 నిమిషాల మోజు, నాలుగేళ్ల కాపురం

టెస్ట్ డ్రైవ్ చేసి వచ్చిన రాత్రి ఒక పాత డైరీలో మూడు పేజీలు రాసుకున్నాను. ఆ పేజీలు ఇప్పుడు నా ముందున్నాయి. మొదటి వాక్యం ఇది: ‘గతుకుల మీద కూడా మెత్తగా పోతోంది, స్పోర్ట్స్ కారంటే నమ్మలేం.’ దాని కింద రెండు గీతలు కూడా గీశాను. నాలుగేళ్లలో 58,000 కిలోమీటర్లు తిరిగాక ఆ గీతలు చూస్తే నవ్వొస్తోంది. అలాగని అబద్ధమేమీ రాసుకోలేదు. ఆ రోజు నేను నడిపిన కారు నిజంగానే మెత్తగా పోయింది. నేను కొన్నది మాత్రం ఆ కారు కాదు. ఆ సంగతి కొంచెం తరువాత చెబుతాను.

కారు పేరు చెప్పడం లేదు. స్పోర్ట్స్ సెడాన్ అనే ఈ తరగతిలో ఉన్న మూడు నాలుగు కార్లలో ఏది కొన్నా కథ ఇంచుమించు ఇలాగే సాగుతుంది. నాలుగు తలుపులు, రెండు లీటర్ల పెట్రోల్ టర్బో ఇంజన్, 250కి అటూ ఇటూగా అశ్వశక్తి, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, వెనక చక్రాలకు శక్తి. కుటుంబాన్ని ఎక్కించుకోవాలి, ఒంటరిగా ఉన్నప్పుడు మలుపుల్లో సరదా తీర్చుకోవాలి అనే వాళ్ల కోసం పుట్టిన జాతి ఇది. ఈ యావ కొత్తదేమీ కాదు. 1959లో జాగ్వార్ మార్క్ 2 వచ్చింది. 1963లో మసెరాటీ క్వాట్రోపోర్తే వచ్చింది. వినడానికి ఎంతో గంభీరంగా ఉండే ఆ పేరుకు ఇటాలియన్‌లో ‘నాలుగు తలుపులు’ అని తప్ప మరో అర్థం లేదు. 80వ దశకంలో బీఎండబ్ల్యూ ఎం5తో ఈ జాతి స్థిరపడింది. నా కారు అంత గొప్ప వంశానికి చెందినది కాదు గానీ, దూరపు చుట్టమే.

డైరీలో రెండో వాక్యం వేగం గురించి. ‘వీపు సీటుకు అతుక్కుపోయింది’ అని ఉంది. నిజమే. ఆగి ఉన్న చోటు నుంచి ఆరు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ ముచ్చట నెల రోజులు ఉంటుంది. ఆ తరువాత ఎంత మందిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించగలం? నాలుగేళ్లుగా రోజూ పనికొస్తున్నది 50 నుంచి 90 దాకా అది పెరిగే తీరు. ఎదురు వాహనాలు వచ్చే రోడ్డు మీద లారీని దాటేటప్పుడు అవతలి వరుసలో ఎంత తక్కువ సేపుంటే అంత మంచిది. గంటకు వంద వేగంతో వెళ్తుంటే ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు గడిచిపోతాయి. రెండు సెకన్లు ముందుగా సొంత వరుసలోకి రాగలగడం ఎంత నిశ్చింతో అప్పుడు తెలుస్తుంది. చిన్న టర్బో ఇంజన్ నిమిషానికి 1,600 చుట్ల దగ్గరే తన బలమంతా చూపిస్తుంది కాబట్టి గేరు కోసం వెతుక్కోవాల్సిన పని లేదు.

అయితే టెస్ట్ డ్రైవ్‌లో కనబడనిది ఒకటుంది. పక్కన కూర్చున్న సేల్స్ కుర్రాడు బయలుదేరగానే స్పోర్ట్ మోడ్ బటన్ నొక్కాడు. నేను గమనించలేదు. ఆ 35 నిమిషాలూ ఇంజన్ ఎప్పుడూ చుట్లు ఎక్కువలోనే ఉంచుకుని, పాదం కదలడమే తడవుగా ఉరికింది. ఇంటికి తెచ్చుకున్నాక నడిపేదంతా కంఫర్ట్ మోడ్‌లోనే. అందులో కారు నత్తనడక నడుస్తూ ఉన్నప్పుడు, కూడలిలో సందు దొరికి ఒక్కసారిగా తొక్కితే, ముందు ఒక క్షణం ఏమీ జరగదు. ఆ తరువాత అంతా ఒకేసారి జరుగుతుంది. మొదట్లో రెండు సార్లు గుండె జారింది. ఇప్పుడు ఆ క్షణాన్ని లెక్కలో వేసుకుని ముందుగానే తొక్కుతున్నాను. మనిషి ఎంతకైనా అలవాటు పడతాడు గానీ, కొనే ముందు తెలిసి ఉంటే బాగుండేది.

మూడో వాక్యం: ‘ఇంజన్ గొంతు అద్భుతం.’ ఇది చదివినప్పుడు మాత్రం కాస్త సిగ్గేస్తుంది. కొన్న రెండో వారంలో మా తమ్ముడొచ్చాడు. వాడిని బయట బానెట్ పక్కన నిలబెట్టి, లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాను. లోపల నాకు సింహం గర్జించినట్టు వినబడుతోంది. అద్దం దించి “ఎలా ఉంది శబ్దం?” అన్నాను. వాడు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, “ఏ శబ్దం అన్నయ్యా?” అన్నాడు. ఆ గర్జన స్పీకర్లలోంచి వస్తోంది. తరువాత తెలిసింది, ఇది కొత్త మాయ కాదట. 2011 నాటి ఎం5లో ఎనిమిది సిలిండర్ల 4.4 లీటర్ల వీ8 ఇంజన్‌కే స్పీకర్ల సాయం పెట్టారు. కారు లోపలి భాగాన్ని నిశ్శబ్దంగా చేయడానికి బోలెడు శ్రమపడి, ఆ నిశ్శబ్దంలోకి మళ్లీ శబ్దాన్ని పంపిస్తారన్న మాట. మెనూలో వెతికి దాన్ని ఆపేశాను. అసలు గొంతు మామూలుగా, కాస్త కుట్టుమిషన్‌లా ఉంటుంది. నిజమైనది కనుక అదే నయం.

గేరుబాక్స్ గురించి డైరీలో ఒక్క ముక్క లేదు. అదే దానికి అన్నిటికంటే పెద్ద కితాబు. జెడ్‌ఎఫ్ అనే జర్మన్ సంస్థ 2009 నుంచి తయారు చేస్తున్న ఎనిమిది గేర్ల కుటుంబానికి చెందినది. రద్దీలో పాకేటప్పుడు కుదుపు లేదు, తొందరలో ఉన్నప్పుడు తడబాటు లేదు. స్టీరింగ్ వెనక ఉండే మీటలతో మొదటి నెలంతా ఆడుకున్నాను. ఇప్పుడు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, బ్రేకులు వేడెక్కకుండా గేరు తగ్గించడానికి మాత్రమే వాటి జోలికి పోతున్నాను.

ఇక చక్రాల సంగతి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే.

నేను నడిపిన కారుకు 18 అంగుళాల చక్రాలు. నేను బుక్ చేసిన కారుకు 19 అంగుళాలు. బొమ్మల పుస్తకంలో 19 బాగా కనబడ్డాయి. పలచటి రబ్బరు, చక్రం నిండా ఆకులు, లోపల మెరిసే బ్రేకులు. ఒక అంగుళమే కదా, ఏమవుతుంది అనుకున్నాను. చాలా అవుతుంది. చక్రం మొత్తం ఎత్తు రెండింటిలోనూ ఒకటే, సుమారు 66 సెంటీమీటర్లు. రిమ్ము పెరిగితే ఆ మేరకు రబ్బరు తగ్గాలి. ముందు చక్రాలకు 225/45 ఆర్ 18 టైరు (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 18 అంగుళాలు) వేస్తే రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా 101 మిల్లీమీటర్ల రబ్బరు ఉంటుంది. 225/40 ఆర్ 19 అయితే 90. పైగా నాకొచ్చినవి రన్‌ఫ్లాట్లు. గాలి పోయినా గంటకు 80 మించకుండా ఓ 80 కిలోమీటర్లు వెళ్లగలిగేలా వాటి పక్కలను గట్టిగా చేస్తారు. అంటే ఉన్న కాస్త రబ్బరు కూడా వంగదు. రోడ్డు మీద రూపాయి బిళ్ల ఉంటే బొమ్మో బొరుసో చెప్పగలిగేట్టు తయారైంది నా పరిస్థితి.

మా ఊరి దారిలో ఒక పొడవాటి వంతెన ఉంది. టెస్ట్ డ్రైవ్ కూడా దాని మీదుగానే సాగింది. ఆ రోజు దాని అతుకులు తెలియనే లేదు. సొంత కారులో మొదటిసారి అమ్మను వెనక కూర్చోబెట్టుకుని వెళ్తుంటే, ఆమె వేళ్ల మీద ఏదో లెక్క పెడుతోంది. ఏమిటమ్మా అంటే, “వంతెనకు ఎన్ని అతుకులున్నాయో చూస్తున్నానురా. పద్నాలుగు” అంది. ఇందులో ఎత్తిపొడుపు లేదు. ఆమెకు నిజంగానే లెక్కించడానికి వీలుగా ఉంది.

14,000 కిలోమీటర్ల దగ్గర రాత్రి వానలో ఒక గుంత కనబడలేదు. టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వచ్చింది, రిమ్ము అంచు వంగింది. టైర్లు వారంటీలోకి రావన్నారు. రానివ్వరని నాకూ తెలుసు. 27,000 దగ్గర వెనక టైర్లు అరిగిపోయాయి. వెనకవి 255 వెడల్పు, ముందువి 225, కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి అరుగుదల పంచుకునే అవకాశం లేదు. ఆ జత మార్చేటప్పుడే ఆలోచన మొదలైంది. 45,000 దగ్గర ధైర్యం చేసి 18 అంగుళాల రిమ్ములు, మామూలు టైర్లు వేయించాను. కంపెనీ ఆమోదించిన కొలతలే.

ఊరికే ఉండలేక పాత ముందు చక్రాన్ని, కొత్త ముందు చక్రాన్ని ఇంట్లో బరువు చూసుకునే యంత్రం మీద పెట్టి తూచాను. ఇంట్లో వాళ్లు నా వైపు చూసిన చూపు గురించి రాయను. పాతది 25 కిలోల పైన, కొత్తది 21 లోపు. చక్రానికి నాలుగు కిలోల పైచిలుకు తేడా. ఈ బరువు స్ప్రింగులకు కింద ఉండే బరువు. డిక్కీలో నాలుగు కిలోలు వేస్తే కారుకు పట్టదు. కానీ గుంతలో పడి లేచే చక్రంలో నాలుగు కిలోలు తగ్గితే షాక్ అబ్జార్బర్‌కు అంత తేలిక. మొదటి రోజు నేను డైరీలో రాసుకున్న కారు మూడేళ్ల తరువాత ఇంటికొచ్చింది.

నష్టమూ లేకపోలేదు. మలుపులో తొలి క్షణం కారు కొంచెం ఆలోచించి తిరుగుతుంది. 19తో ఉన్న ఆ చురుకు తగ్గింది. రోజూ నడిపేవాళ్లకు తప్ప తెలియదు, నాకు తెలుస్తోంది. పెద్ద ఇబ్బంది మరొకటి. డిక్కీలో స్టెప్నీకి చోటే లేదు. రన్‌ఫ్లాట్లు పోయాక ఇప్పుడు పంక్చరైతే గాలి పంపు, రంధ్రం పూడ్చే జిగురు సీసా, అంతే. మేకు గుచ్చుకుంటే పని జరుగుతుంది. టైరు పక్క చీలితే ఆ సీసా దేనికీ కొరగాదు, బండి లాగే వాహనాన్ని పిలవాల్సిందే. తెలిసే ఒప్పుకున్నాను.

స్టీరింగ్ గురించి డైరీలో ‘బరువుగా, నమ్మకంగా ఉంది’ అని రాశాను. అది కూడా స్పోర్ట్ మోడ్ పుణ్యమే. విద్యుత్ మోటారుతో నడిచే స్టీరింగ్‌ను బరువు చేయడం తేలిక, రోడ్డు ఎలా ఉందో చేతికి తెలియజేయడం కష్టం. ఇది ఎటు తిప్పితే అటు గీత గీసినట్టు పోతుంది. కానీ తడి రోడ్డు మీద ముందు టైర్ల పట్టు సడలుతుంటే ఆ కబురు చేతికి ఆలస్యంగా అందుతుంది. దాన్ని నడుము ముందు పసిగడుతుంది. వానాకాలంలో నేను నడుము మాటే వింటాను.

సీటు గురించి మాత్రం డైరీలో ఒకే ఒక్క మాట, ‘బిగువు’. నిజానికి కొనాలా వద్దా అనేది ఆ ఒక్క మాట మీదే తేల్చుకోవాల్సింది. తొడల కింద పలకను ముందుకు లాగే ఏర్పాటు ఉంది. ఆరు గంటలు ఏకబిగిన నడిపి దిగినా నడుము పట్టదు. మొదట బిగువనిపించిన సీటే దూరం పెరిగేకొద్దీ దయ చూపిస్తుంది. వెనక సీటు వేరే సంగతి. ఇద్దరికి హాయి. మూడో మనిషి మధ్యలో ఉన్న దిమ్మెకు అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చోవాలి, ఇంజన్ నుంచి వెనక చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టు దాని కిందుగానే పోతుంది మరి. కారు నేలకు దగ్గరగా ఉండటంతో మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఎక్కడం కంటే దిగడం కష్టం. అమ్మ తలుపు పైపిడి పట్టుకుని, “నుయ్యిలోంచి లేచినట్టుందిరా” అంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బ్రేకులు గట్టివే గానీ ముందు చక్రాల మీద నల్లటి పొడి రెండు రోజులకే పేరుకుంటుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకొకసారి మార్పిస్తున్నాను. నాలుగో ఏట బ్యాటరీ మార్చాల్సి వచ్చింది, కొత్తది వేశాక ఆ సంగతి కారు కంప్యూటర్‌కు నమోదు చేయించాలి, మామూలు మెకానిక్‌తో అయ్యే పని కాదు. నల్లగా నిగనిగలాడే ప్లాస్టిక్ మెత్తటి గుడ్డతో తుడిచినా గీతలు పడింది. ఏసీ మీటలన్నీ తెరలోకి వెళ్లిపోయాయి. వానలో ముందద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంటే, కళ్లు రోడ్డు మీద నుంచి తిప్పి, మెనూలో గాలి బొమ్మ ఎక్కడుందో వెతుక్కోవడం తెలివైన ఏర్పాటని ఎవరు అనుకున్నారో! షోరూములో అదే తెర చూసి నేనూ మురిసిపోయాను లెండి.

మళ్లీ ఇలాంటి కారు కొనాల్సి వస్తే, బుక్ చేయబోయే కొలత టైర్లే ఉన్న కారు దొరికేదాకా సంతకం పెట్టను. సగం దూరం కంఫర్ట్ మోడ్‌లో, పాటలు ఆపేసి నడుపుతాను. అమ్మను వెనక కూర్చోబెట్టుకుని వెళ్తాను.

18 అంగుళాలు వేయించిన మర్నాడు ఆమెను తీసుకుని అదే వంతెన మీదుగా వెళ్లాను. అవతలి ఒడ్డుకు చేరాక ఎన్ని లెక్కపెట్టావని అడిగితే, వెనక నుంచి జవాబు లేదు. అద్దంలో చూస్తే నిద్రపోతోంది. పాత 19 అంగుళాల చక్రాలు వంగిన అంచు సరిచేయించి, గుడ్డ చుట్టి దాచాను. కారు అమ్మే రోజున వాటినే బిగిస్తాను. చూడటానికి అవే బాగుంటాయి.